రాజు పేరు లేని శోకం: టామ్‌కిన్స్ ‘శాడ్ పావేన్’ నాట్య రూపంలో ఎందుకుంది?

క్లుప్తంగా: ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్‌కు 1649 జనవరి 30న మరణశిక్ష అమలైంది. ఫిబ్రవరి 14 తేదీ వేసి థామస్ టామ్‌కిన్స్ అనే వృద్ధ సంగీతకారుడు ‘ఎ శాడ్ పావేన్ ఫర్ దీజ్ డిస్ట్రాక్టెడ్ టైమ్స్’ అనే కీబోర్డ్ రచన రాశాడు. పావేన్ అంటే నాట్యం. దుఃఖానికి నాట్య రూపం ఎలా సరిపోయింది, బృందగానం రాసే మనిషి ఒంటరి కీబోర్డ్ దగ్గరికి ఎందుకు వచ్చాడు, శబ్దాన్ని పెంచడం తగ్గించడం చేతకాని వాద్యంలో విషాదం ఎలా పలికింది అన్నవి ఈ వ్యాసంలో చర్చించే విషయాలు.

పేరులోనే తిరకాసు

నెమ్మదైన పియానో సంగీతం కోసం వెతికితే ఇప్పుడు బాఖ్, షోపాన్‌ల పక్కనే నాలుగు వందల ఏళ్ల కిందటి ఇంగ్లిష్ రచనలు కూడా వినిపిస్తున్నాయి. వాటిలో చాలావాటి పేర్లలో ‘పావేన్’ అన్న మాట ఉంటుంది. అర్థం వెతికితే ‘ఒక రకం నాట్యం’ అని వస్తుంది. వినబోతే కాలు కదపాలనిపించదు, కూర్చుండిపోవాలనిపిస్తుంది. సందేహం ఇక్కడే మొదలవుతుంది. (తెలుగులో ‘పవన్’ అని రాస్తే మనిషి పేరవుతుంది, ‘పావన’ అంటే పవిత్రమైపోతుంది. అందుకే ఇక్కడ ‘పావేన్’ అని రాస్తున్నాం. ఆ రెండు మాటలతో దీనికి ఏ చుట్టరికమూ లేదు.)

టామ్‌కిన్స్ పెట్టిన పేరులో ఇంకో చిక్కు కూడా ఉంది. ‘డిస్ట్రాక్టెడ్’ అనగానే ఇప్పటివాళ్లకు ఫోన్ చూస్తూ చదువు మీద దృష్టి పెట్టలేని పిల్లవాడు గుర్తొస్తాడు. 17వ శతాబ్దంలో ఆ మాటకు బరువు ఎక్కువ. తలా ఒక వైపు లాగితే చీలిపోయిన, మతి చెదిరిన అని అర్థం. కాబట్టి పేరును ‘ఈ చెదిరిపోయిన కాలానికి ఒక దుఃఖపు పావేన్’ అని చెప్పుకోవచ్చు.

పేరులో రాజు లేడు, కాలం ఉంది. రాజు మరణానికి దీన్ని ముడిపెట్టేది తేదీ ఒక్కటే. ఆ తేదీ దగ్గరా కొంచెం జాగ్రత్త అవసరం. అప్పటి ఇంగ్లండ్‌లో అధికారికంగా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. రాజు మరణాన్ని నాటి కాగితాలు 1648 జనవరిలోనే రాసుకున్నాయి. టామ్‌కిన్స్ వేసిన 1649ని మన లెక్కలోని సంవత్సరంగా తీసుకుంటేనే ఇది మరణం తర్వాత పదిహేనో రోజు అవుతుంది. సాధారణంగా అలాగే తీసుకుంటున్నారు. అయితే ఈ రచనను అర్థం చేసుకోవడానికి ఆ పదిహేను రోజుల లెక్క ఒక్కటే ఆధారం కానక్కర్లేదు. ‘ఈ కాలానికి’ అన్న మాటే ఎక్కువ చెబుతుంది.

అసలు పావేన్ అంటే నడకే

పావేన్ ఇటలీలో పుట్టింది. పాడువా ఊరి పేరు మీదుగా ఆ మాట వచ్చిందని ఎక్కువమంది అంటారు. నెమలిని సూచించే స్పానిష్ మాట నుంచి వచ్చిందనే వాదన కూడా ఉంది. అచ్చులో మొదట కనిపించేది 1508లో, వెనిస్‌లో పెట్రూచి ముద్రించిన డాల్జా ల్యూట్ (మీటి వాయించే తీగల వాద్యం) పుస్తకంలో. అక్కడి నుంచి ఫ్రాన్స్, ఇంగ్లండ్ రాజసభలకు పాకింది.

దీన్ని ఎలా ఆడేవారో ఫ్రాన్స్‌లోని లాంగ్రెస్‌కు చెందిన ఒక చర్చి అధికారి వివరంగా రాసిపెట్టాడు. థ్వానో ఆర్బో అన్నది ఆయన కలం పేరు, పుస్తకం వచ్చింది 1589లో. జంటలు వరుసగా చేతులు పట్టుకుని నిలబడతాయి. ఎడమ కాలు ముందుకు వేసి, కుడి కాలు దాని పక్కకు చేర్చితే ఒక ‘సింపుల్’. అలాంటివి రెండు. ఆ తర్వాత మూడు అడుగులు నడిచి నాలుగో లెక్కకు కాళ్లు కలిపితే ఒక ‘డబుల్’. అంతే. పక్కన డోలు ఒక పొడుగు దెబ్బ, రెండు పొట్టి దెబ్బలు చొప్పున చివరిదాకా కొట్టుకుంటూ పోతుంది. ఎగరడం, గిరగిరా తిరగడం లేవు. రాజులు, దొరలు పెద్ద పెద్ద అంగీలు వేసుకుని సభలోకి వచ్చేటప్పుడు, ఉన్నత కుటుంబాల పెళ్లి ఊరేగింపుల్లో దీన్ని వాయించేవారని ఆర్బో చెప్పాడు.

అంటే దీన్ని నాట్యం అనడం కంటే ఊరేగింపు అనడమే సబబు. ఊరేగింపు నడక పెళ్లికీ పనికొస్తుంది, చావుకీ పనికొస్తుంది. లయ అదే, అడుగు వేగం కొంచెం మారుతుంది. విషాదం ఈ రూపంలోకి తేలిగ్గా చొరబడటానికి మొదటి కారణం ఇది.

రెండో కారణం దాని కట్టడం. ఇంగ్లిష్ సంగీతకారుడు థామస్ మోర్లీ 1597లో ప్రచురించిన పాఠ్యగ్రంథంలో పావేన్ గురించి స్పష్టంగా చెప్పాడు. ఇది గంభీరమైన నాట్యానికి ఉద్దేశించిన నిదానపు సంగీతం. మామూలుగా మూడు భాగాలు, ఒక్కో భాగం రెండేసి సార్లు. ఒక్కో భాగంలో 8, 12 లేదా 16 పెద్ద లెక్కలు. ఎనిమిదికి తక్కువ ఉన్న పావేన్‌ను తాను చూడలేదన్నాడు. ప్రతి భాగం చివర ఒక ముక్తాయింపు, మళ్లీ మొదటికి, మళ్లీ అదే ముక్తాయింపు. కొత్త కథ చెప్పడానికి ఈ కట్టడం అనువు కాదు. ఒకే మాటను తిరిగి తిరిగి తలుచుకునేవాడికి మాత్రం సరిగ్గా అమరుతుంది.

పావేన్ వెంట మామూలుగా గాలియార్డ్ వస్తుంది. పావేన్ చతురశ్రంలా రెండు రెండుగా నడిస్తే, గాలియార్డ్ త్రిశ్రంలా మూడు లెక్కల మీద ఎగురుతుంది. ముందు నడక, తర్వాత గెంతు. బరువు ఎక్కించి, తర్వాత దింపే ఏర్పాటు ఇది. టామ్‌కిన్స్ ఏం చేశాడో చూసేటప్పుడు ఈ జంట సంగతి మళ్లీ అవసరమవుతుంది.

కాళ్లు ఆగాక మనసు ఆడింది

16వ శతాబ్దం చివరికి పావేన్‌ను ఆడేవాళ్లు తగ్గారు, రాసేవాళ్లు పెరిగారు. ఆడేవాళ్ల కాళ్లకు అందాలన్న నిబంధన పోవడంతో రచయితలకు స్వేచ్ఛ దొరికింది. నాలుగైదు గొంతులను, అంటే ఒకేసారి నడిచే వేర్వేరు స్వరవరుసలను, ఒకదానిలోకి ఒకటి అల్లడం, ఊహించని స్వరాలను దూర్చడం, ముక్తాయింపును ఆలస్యం చేయడం మొదలైంది. వినికిడి కోసమే రాసే సంగీతమైంది. విలియం బర్డ్ కీబోర్డ్ రచనలను 1591లో ‘మై లేడీ నెవెల్స్ బుక్’ అనే అందమైన చేతిరాత ప్రతిగా ఎత్తి రాశారు. అందులో పావేన్, గాలియార్డ్ జంటలు ఒక వరుసగా ఉన్నాయి. అవి నట్టింట్లో ఒక్కరే కూర్చుని వాయించుకునేవి. నాట్యశాలతో వాటికి పని లేదు.

అదే సమయంలో విషాదం ఒక ఫ్యాషన్ అయింది. దేహంలో నల్లపిత్తం ఎక్కువైతే మనిషి దిగులు మనిషి అవుతాడన్న పాత వైద్య సిద్ధాంతం చుట్టూ పుస్తకాలు వచ్చాయి. తిమోతీ బ్రైట్ 1586లో ఒకటి, రాబర్ట్ బర్టన్ 1621లో మరొకటి రాశారు. దిగులుగా ఉండటం తెలివికి, సున్నితత్వానికి గుర్తుగా చూసేవారు. ఇది విడ్డూరంగా కనిపించవచ్చు గానీ, కాటి సీను పద్యాలకు వన్స్‌మోర్ కొట్టిన ప్రేక్షకుల వారసులకు అర్థం కాని సంగతేమీ కాదు. శోకాన్ని చక్కగా పాడితే జనం మళ్లీ అడుగుతారు.

ఆ ఫ్యాషన్‌కు గుర్తు జాన్ డౌలండ్ ‘లాక్రిమే’, అంటే కన్నీళ్లు. మొదట ల్యూట్ పావేన్‌గా వచ్చింది. 1600లో మాటలు చేరి పాటగా అచ్చయింది. 1604లో ఐదు వయోల్‌లు (విల్లుతో వాయించే తీగల వాద్యాలు), ఒక ల్యూట్ కోసం ఏడు పావేన్‌ల వరుసగా పెరిగింది. బర్డ్, మోర్లీ, జైల్స్ ఫార్నబీ, ఆమ్‌స్టర్‌డామ్‌లో స్వేలింక్ దాన్ని కీబోర్డ్ మీదికి తెచ్చారు.

అందులో అంతగా పట్టేది మొదటి నాలుగు స్వరాలే. పై నుంచి ఒక్కో మెట్టూ దిగుతాయి. కర్ణాటక స్వరాల లెక్కలో చెబితే, చివరి స్వరాన్ని షడ్జంగా తీసుకున్నప్పుడు శుద్ధ మధ్యమం, సాధారణ గాంధారం, శుద్ధ రిషభం, షడ్జం. మొదటి రెండు దిగుళ్లు పెద్ద అంతరాలు, చివరిది చిన్నది. రెండు మెట్లు ధైర్యంగా దిగినవాడు మూడో మెట్టు దగ్గర కాలు తడబడి కూలబడినట్టు ఉంటుంది. ఇది తోడి రాగంలోని స్వరాల వరుసే కదా అనిపించవచ్చు. స్వరస్థానాలు అవే అయినా గమకం లేదు, కిందనుంచి వేరే గొంతులు మోగుతుంటాయి కాబట్టి వింటే తోడి గుర్తుకు రాదు. కిందికి జారే ఈ నాలుగు స్వరాలు ఆ తర్వాతి ఇంగ్లిష్ విషాద సంగీతానికి ఉమ్మడి ఆస్తి అయ్యాయి.

ఫ్యాషన్ దుఃఖం వేరు, పడ్డ దుఃఖం వేరు. ఈ రెంటి మధ్య పీటర్ ఫిలిప్స్ కనిపిస్తాడు. కేథలిక్ కావడంతో 1582లో ఇంగ్లండ్ వదిలిపోయాడు. 1593లో స్వేలింక్‌ను విని రావడానికి ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లి తిరిగొస్తుండగా, ఎలిజబెత్ రాణిని చంపే కుట్రలో ఉన్నాడన్న అనుమానంతో పట్టుకుని హేగ్‌లో జైల్లో పెట్టారు. తర్వాత వదిలేశారు. ఆయన ‘పావేన్ డొలొరోసా’ ఆ ఏటిదే. జైల్లోనే రాశాడని చెబుతారు. దానికి గాలియార్డ్ కూడా ఉంది. చెరలో ఉన్నవాడు కూడా జంట సంప్రదాయాన్ని తప్పలేదు.

ఊదలేని, సాగదీయలేని వాద్యం

ఈ రచనలు ఏ వాద్యం కోసం రాశారో తెలియకపోతే సగం విషయం అందదు. నాటి ఇంగ్లిష్ ఇళ్లలో ఉండేది వర్జినల్. బల్ల మీద పెట్టుకునే పొడవాటి చెక్కపెట్టె, అందులో అడ్డంగా తీగలు. మీట నొక్కితే అవతల ఒక సన్నని చెక్కపుల్ల పైకి లేస్తుంది. దానికి గుచ్చిన పక్షి ఈక ముక్క తీగను ఒకసారి మీటుతుంది. వేలు తీస్తే పుల్ల కిందికి పడి, దానికి అంటించిన గుడ్డముక్క తీగను ఆపేస్తుంది.

దీనివల్ల రెండు పరిమితులు. గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా వచ్చే శబ్దం దాదాపు ఒకటే. రెండోది, మీటిన క్షణం నుంచే స్వరం చచ్చిపోవడం మొదలవుతుంది. హార్మోనియంలో గాలి ఉన్నంతసేపు స్వరం నిలబడుతుంది, బెల్లోలు ఊపుతూ పెంచవచ్చు కూడా. వీణలో స్వరం తగ్గిపోతున్నా తీగ లాగి గమకంతో దాన్ని బతికించవచ్చు. వర్జినల్ వాదకుడికి ఈ రెండు వసతులూ లేవు. గొంతు వణికించి ఏడిపించడం ఇక్కడ కుదరదు.

మరి విషాదం ఎక్కడి నుంచి వస్తుంది? ప్రధానంగా స్వరాల మధ్య రాపిడి నుంచి. హార్మోనియం అందుబాటులో ఉంటే దీన్ని రెండు నిమిషాల్లో పరీక్షించవచ్చు. స, మ, ప మూడు మీటలూ కలిపి నొక్కితే మధ్యమ పంచమాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నట్టు చెవికి తెలుస్తుంది. ఇప్పుడు మిగతా రెంటినీ అలాగే ఉంచి మధ్యమం వదిలి గాంధారం నొక్కితే ఆ బిగువు సడలుతుంది. పావేన్ రచయితలు చేసే పని ఇదే. ఒక గొంతు కిందికి దిగాల్సిన వేళకు దిగదు, పాత స్వరాన్నే పట్టుకుని ఉంటుంది. ఈలోగా మిగతా గొంతులు ముందుకు వెళ్లిపోతాయి. వెనకబడిన స్వరం వాటితో ఒరుసుకుంటుంది, ఒక లెక్క ఆలస్యంగా మెట్టు దిగుతుంది. అది దిగేసరికి ఇంకో గొంతు వెనకబడుతుంది. ఏ గొంతూ ఒంటరిగా ఏడవదు. ఒకరి తర్వాత ఒకరు కొంచెం ఆలస్యంగా ఒప్పుకుంటున్నట్టు ఉంటుంది.

శబ్దం పెంచడానికి ఉన్న దారి ఒక్కటే: ఎక్కువ స్వరాలు కలిపి మోగించడం. అందుకే ఈ రచనల్లో గొంతుల సంఖ్య పెరిగిన చోట బరువు పెరుగుతుంది, తగ్గిన చోట బోసిగా ఉంటుంది. స్వరం తొందరగా చచ్చిపోతుంది కాబట్టి పొడుగు స్వరాల మీద చిన్న చిన్న కదలికలు చేరుస్తారు. నాటి ఇంగ్లిష్ రాతప్రతుల్లో స్వరం కాడ మీద అడ్డంగా రెండు గీతలు కనిపిస్తాయి. అది అలంకారం గుర్తు. దాన్ని సరిగ్గా ఎలా వాయించాలో ఆ గీతలు చెప్పవు. వాదకులు ఈనాటికీ ఒక్కొక్కరు ఒక్కోలా వాయిస్తుంటారు.

పునరావృత్తి సంగతి కూడా దీనికే ముడిపడి ఉంది. రెండోసారి అదే భాగం వచ్చినప్పుడు దాన్ని చిన్న స్వరాల పరుగులతో నింపడం వర్జినల్ వాదకులకు బాగా అలవాటు. ఆ పరుగులు చేతి పనితనం చూపిస్తాయి, ఆరిపోయే శబ్దాన్ని నిలబెడతాయి. కానీ మోతాదు మించితే దిగులు కాస్తా ఆర్భాటం అవుతుంది. ఈ తూకం టామ్‌కిన్స్‌కు బాగా తెలుసనడానికి సాక్ష్యం ఉంది. ‘క్వాడ్రన్ పావేన్’ అనే ఒకే రూపం మీద తన గురువు బర్డ్, జాన్ బుల్ ఇద్దరూ రాశారు. టామ్‌కిన్స్ తన చేతిరాత పుస్తకంలో ఆ రెంటి గురించీ పొట్టి గమనికలు రాసుకున్నాడు: బుల్‌ది చేతికి బాగుంది, బర్డ్‌ది విషయానికి బాగుంది అని.

వూస్టర్‌లో మూగబోయిన ఆర్గన్

టామ్‌కిన్స్ 1572లో వేల్స్‌లోని సెంట్ డేవిడ్స్‌లో పుట్టాడు. తండ్రి అక్కడి కెథడ్రల్ సంగీతకారుడు. బర్డ్ దగ్గర నేర్చుకున్నాడు, 1596లో వూస్టర్ కెథడ్రల్ ఆర్గనిస్టు అయ్యాడు. 1613లో ఆ కెథడ్రల్‌కు థామస్ డాలం కొత్త ఆర్గన్ కట్టాడు. 1621 నాటికి లండన్‌లోని రాజాస్థాన చాపెల్‌లో కూడా ఆర్గనిస్టు, ఆర్లాండో గిబ్బన్స్ సహోద్యోగి. 1625లో మొదటి జేమ్స్ అంత్యక్రియలు, గిబ్బన్స్ హఠాన్మరణం ఒకే ఏట వచ్చాయి. మరుసటి ఏడు చార్లెస్ పట్టాభిషేకానికి సంగీతం రాసే భారంలో ఎక్కువ భాగం టామ్‌కిన్స్ మీదే పడింది.

ఆ చార్లెస్ ప్రభుత్వమే 1628లో ఆయనకు రాజ సంగీత రచయిత పదవి ఇచ్చి, అది అంతకుముందే వేరొకరికి మాట ఇచ్చిన పదవి అని వెనక్కి తీసుకుంది. ‘శాడ్ పావేన్’ను కేవలం రాజభక్తిగా చదివేవాళ్లు ఈ చిన్న సంగతిని పక్కన పెట్టేస్తుంటారు. ఆయన రాజపక్షం మనిషే, సందేహం లేదు. కానీ ఆయన పోగొట్టుకున్నది రాజును ఒక్కణ్నే కాదు.

1642లో రాజుకు, పార్లమెంటుకు యుద్ధం మొదలైంది. ఆ సెప్టెంబరులోనే పార్లమెంటు సైన్యం వూస్టర్‌లోకి వచ్చి కెథడ్రల్‌ను పాడుచేసింది, ఆర్గన్ దెబ్బతింది. ఆ ఏడే ఆయన భార్య ఆలిస్ పోయింది. కెథడ్రల్ పక్కనున్న ఆయన ఇంటికి ఫిరంగి గుండు తగిలింది. 1644లో చర్చిల్లో ఆర్గన్‌లు తీసేయాలని పార్లమెంటు ఉత్తర్వు ఇచ్చింది. మరుసటి ఏడు పాత ప్రార్థన పుస్తకం స్థానంలో కొత్త విధానం తెచ్చింది. 1646 జులైలో ముట్టడి తర్వాత వూస్టర్ లొంగిపోయింది. ఆర్గన్ విప్పేశారు, గాయకబృందం చెదిరిపోయింది.

యాభై ఏళ్లుగా ఆయన చేసిన పని పిల్లలకు పాట నేర్పడం, బృందానికి కీర్తనలు రాయడం, ఆర్గన్ వాయించడం. అవి మూడూ ఒకేసారి ఆగిపోయాయి. మిగిలింది ఇంట్లో ఉన్న చిన్న కీబోర్డ్, ఒక కాగితాల కట్ట. ఆ కట్ట ఇప్పుడు పారిస్‌లో, ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో ఉంది. అందులోని తేదీలు 1646లో మొదలై 1654 దాకా నడుస్తాయి. డెబ్బై నాలుగేళ్ల వయసులో మొదలుపెట్టి, ఎనభై దాటాక కూడా రాస్తూనే ఉన్నాడు. రచనల కింద తేదీలు వేయడం గమనించాల్సిన సంగతి. ఆదివారాలు, పండుగల లెక్కన బతికిన మనిషికి ఆ లెక్క పోయింది. రచన కింద తేదీ ఒకటి మిగిలింది.

కాబట్టి ‘శాడ్ పావేన్’ ఒంటరి కీబోర్డ్ కోసం ఉండటం రచయిత ఎంచుకున్న శైలి మాత్రమే కాదు. సాధారణ రోజుల్లో అయితే ఒక రాజు చనిపోతే ఆయన బృందగానమే రాసేవాడు. 1625లో ఆ పనే చేశారు. 1649లో పాడేవాళ్లు లేరు, పాడే చోటు లేదు.

పేర్లున్న పావేన్‌లు, పేరు లేని పావేన్

అదే కట్టలో ఇంకో రెండు శోక రచనలున్నాయి. రాజుకు కుడిభుజంగా ఉండి 1641లో మరణశిక్ష పడిన స్ట్రాఫర్డ్ ఎర్ల్ పేరు మీద ఒకటి. 1645లో తల తెగిన కాంటర్బరీ ఆర్చ్‌బిషప్ లాడ్ కోసం మరొకటి. రెండూ 1647 నాటివి. అంటే మనుషుల పేరు మీద పావేన్ అంకితం చేయడం ఆయనకు కొత్త కాదు, భయపడి మానేసే మనిషీ కాదు. అప్పటికే ఇంగ్లండ్‌లో అది స్థిరపడిన ఆచారం కూడా. 1612లో మరణించిన మంత్రి రాబర్ట్ సెసిల్, అంటే సాలిస్‌బరీ ఎర్ల్ పేరు మీద బర్డ్, గిబ్బన్స్ చెరొక పావేన్ రాశారు. ఆ రెండూ ‘పార్థీనియా’ అనే తొలి ఇంగ్లిష్ అచ్చు వర్జినల్ పుస్తకంలో పక్కపక్కనే కాకపోయినా ఒకే అట్టల మధ్య ఉన్నాయి.

ఇన్ని ఉదాహరణల పక్కన పెట్టి చూస్తే 1649 నాటి రచనలో రెండు తేడాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఒకటి ముందే చెప్పుకున్నది: పేరు లేదు. రెండోది: గాలియార్డ్ లేదు. స్ట్రాఫర్డ్ పావేన్‌కు ఉంది. సాలిస్‌బరీ పావేన్‌లకు ఉంది. జైలు పక్షి ఫిలిప్స్ కూడా రాశాడు. దుఃఖపు నడక తర్వాత మూడు లెక్కల గెంతు రావడం అప్పటి చెవికి అపచారం కాదు, ఆశించేదే. ఇక్కడ నడక ముగిసిపోతుంది, తర్వాత ఏమీ రాదు. బరువు ఎక్కించి దించకుండా వదిలేసినట్టు.

సంగీతంలోనూ ఆ బిగింపు ఉంది. ఒకప్పుడు వేళ్ల విన్యాసానికి పరీక్ష పెట్టే రచనలు చేసిన మనిషే ఇక్కడ ఆ సరుకును చాలా వరకు పక్కన పెట్టాడు. మూడు భాగాల పాత కట్టడం, ఒక గొంతు అన్న చిన్న మాటను మరో గొంతు అందుకోవడం, మెల్లగా పేరుకునే రాపిడి. బుల్ చేయిని వదిలి బర్డ్ విషయాన్ని పట్టుకున్నాడని ఆయన గమనికల భాషలోనే చెప్పవచ్చు.

తేదీ ఒక యుగం, శైలి మరో యుగం

శైలిని బట్టి ‘శాడ్ పావేన్’ రెనైజాన్స్ (15, 16 శతాబ్దాల) సంగీతంలా వినిపిస్తుంది. అలా అనడం తప్పు కదా అని చరిత్ర తెలిసినవాళ్లు అడుగుతారు. 1649 అంటే పాఠ్యపుస్తకాల లెక్కలో దాని తర్వాతి బరోక్ కాలం. ఇటలీలో ఆపెరా (పాటలతోనే నడిచే నాటకం) పుట్టి అర్ధశతాబ్దం కావస్తోంది, దాని తొలి రచయితల్లో ఒకడైన మోంటెవర్డీ చనిపోయి ఆరేళ్లయింది. పావేన్ అప్పటికి పాతబడిన వస్తువు.

అదే కాలపు యూరప్‌తో పోలిస్తే తేడా బాగా తెలుస్తుంది. పారిస్‌లో ల్యూట్ వాదకుడు బ్లాంక్‌రోషే 1652లో మెట్ల మీది నుంచి పడి చనిపోయాడు. ఆయన కోసం జర్మన్ రచయిత ఫ్రోబెర్గర్ హార్ప్‌సికార్డ్ (వర్జినల్‌లాగే తీగలు మీటే పెద్ద కీబోర్డ్) మీద ఒక స్మృతి రచన చేశాడు. అదీ ఒంటరి కీబోర్డే, అదీ శోకమే. కానీ దాన్ని లయకు కట్టుబడకుండా, వాదకుడి ఇష్టాన్ని బట్టి వాయించమని ఆయన సూచన. చివర స్వరాలు కిందికి దొర్లిపోతాయి. అక్కడ ఒక మనిషి మాట్లాడుతున్నట్టు, మధ్యలో గొంతు పట్టేసినట్టు ఉంటుంది. టామ్‌కిన్స్‌లో ఒక మనిషి గొంతు వినిపించదు. నాలుగైదు గొంతులు క్రమం తప్పకుండా ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటూ నడుస్తాయి. అంటే చెదిరిపోయిన గాయకబృందం ఎలా పాడేదో అలాగే. కొత్త పద్ధతి తెలియక కాదు, పాతదాన్ని వదలకపోవడమే ఈ రచన చెప్పే మాటలో సగం. పోయిన కాలం గురించిన శోకాన్ని ఆ కాలపు భాషలోనే రాశాడు.

1654లో కొడుకు నథానియల్‌తో కలిసి వూస్టర్ దగ్గరలోని మార్టిన్ హసింగ్‌ట్రీ అనే పల్లెకు మారాడు. 1656 జూన్‌లో ఆయన్ను అక్కడే ఖననం చేశారు. రాజరికం తిరిగొచ్చింది 1660లో.

ఎంత నెమ్మదిగా వాయించాలి?

ఇప్పుడు ఈ రచనలను వర్జినల్ మీద, హార్ప్‌సికార్డ్ మీద, పియానో మీద కూడా వాయిస్తున్నారు. కెనడా పియానిస్టు గ్లెన్ గౌల్డ్ 1971లో బర్డ్, గిబ్బన్స్ రచనలతో ఒక రికార్డు తెచ్చాడు. గిబ్బన్స్ సాలిస్‌బరీ పావేన్ అందులో ఉంది. పియానోలో శబ్దాన్ని పెంచవచ్చు, తగ్గించవచ్చు, పెడల్‌తో స్వరాన్ని నిలపవచ్చు. ఒరుసుకునే స్వరం ఆరిపోకుండా చివరిదాకా మోగుతుంది కాబట్టి రాపిడి ఇంకా బాగా తెలుస్తుంది. కానీ దాంతోపాటే షోపాన్ తరహా నిట్టూర్పు కూడా దూరిపోయే ప్రమాదముంది. ఫ్రెంచ్ రచయిత రావెల్ 1899లో రాసిన ప్రసిద్ధమైన పియానో పావేన్ విన్న చెవికి, పావేన్ అంటేనే కలలా సాగే సంగీతం అన్న అలవాటు పడిపోయింది. రావెల్ మాత్రం ఆ పేరును మాటల చప్పుడు నచ్చి పెట్టానన్నాడు.

వేగం విషయంలో ‘శాడ్ పావేన్’ రాతప్రతి ఏమీ చెప్పదు. దగ్గర్లో ఉన్న ఆధారం టామ్‌కిన్స్ చనిపోయాక 1668లో అచ్చయిన ఆయన కీర్తనల సంపుటం. దాని ఆర్గన్ భాగంలో వేగానికి ఒక కొలత ఉంది: ఒక పెద్ద లెక్క అంటే మనిషి నాడి రెండుసార్లు కొట్టుకునేంత సేపు. ఆ కొలత కీర్తనలకు ఇచ్చింది, పావేన్‌కు కాదు. అయినా మోర్లీ చెప్పిన పొడవైన పావేన్‌కు దాన్ని వేసి చూడవచ్చు. ఒక్కో భాగం 16 లెక్కలు, రెండేసి సార్లు, మూడు భాగాలు. మొత్తం 96 లెక్కలు, 192 నాడి దెబ్బలు. నిమిషానికి డెబ్బై చొప్పున చూస్తే మూడు నిమిషాల లోపే అయిపోతుంది. నేటి వాదకులు చాలామంది విషాద పావేన్‌లను ఇంతకంటే బాగా నెమ్మదిగా వాయిస్తారు. ఆ వేగానికి ఆర్బో చెప్పిన అడుగు వేయబోతే, ఎత్తిన కాలు గాల్లోనే ఉండిపోతుంది.